టైగర్ మాత్ నాలుగో వంతు స్కేలు: ముక్కు రేకు మూడోసారి పగిలింది, దారి చెప్పండి

బెజవాడ_మాత్ | నవంబర్ 16, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు గతిలేక రాస్తున్నా. భవానీపురంలో మా మేడమీద గదిలో డి హావిలాండ్ టైగర్ మాత్ అనే పాతకాలం శిక్షణ విమానానికి (పైనొకటి, కిందొకటి రెండు వరసల రెక్కలది) ఎగిరే మోడల్ కడుతున్నాను, అసలు విమానంలో నాలుగో వంతు. దాని రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 8.94 మీటర్లు కాబట్టి నాది 2.23 మీటర్లు వస్తుంది. రెక్కలు ఊడదీస్తే తప్ప మా మేడ మెట్లు దిగదు, ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

చెక్కపనికి 14 నెలలు పట్టింది. మిగిలిందంతా లోహం. ఫిట్టింగులు విదేశాల నుంచి తెప్పిస్తే వస్తువు ధర కంటే కొరియరూ కస్టమ్స్ ఎక్కువయ్యేట్టున్నాయి, అందుకని అన్నీ సొంతంగా చేద్దామని దిగాను. మొదటి ముక్క దగ్గరే బోర్లా పడ్డాను. ఇంజిన్ కౌలింగ్‌లో (ఇంజిన్‌ని కప్పే రేకు తొడుగు) ముందు భాగం ఉంది చూశారా, ప్రొపెల్లర్ వెనకాల గిన్నె అంచులా రెండు దిక్కులా వంపు తిరిగేది, దానికి వేపచెక్కతో అచ్చు చెక్కాను. ఆటోనగర్‌లో 24 గేజు అల్యూమినియం రేకు ముక్కలు కొన్నాను. చెక్కసుత్తితో కొడుతుంటే సగం వంపు వరకు బుద్ధిగానే వస్తుంది, ఆ తర్వాత అంచులో వెంట్రుకంత చీలిక, ఇంకో నాలుగు దెబ్బలకి వేలు పట్టేంత. మూడు రేకులు తుక్కులోకి పోయాయి. ఫోటోలు పెట్టాను, నవ్వుకోండి గానీ దారి చెప్పండి.

లేత్_బాబాయ్ | నవంబర్ 17, ఉదయం 6:15

నవ్వలేదు తమ్ముడూ. ఫోటోలో చీలిక చూస్తేనే తెలుస్తోంది, అది బస్సు బాడీలకి వాడే గట్టి రేకు. నువ్వు సుత్తితో కొట్టేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. నీ దెబ్బలో తప్పు లేదు, మధ్యలో రేకుని కాల్చి మెత్తబరచలేదు, అదే తప్పు.

అల్యూమినియంతో చిక్కేంటంటే ఇనుములా, ఇత్తడిలా ఎర్రబడి నీకు చెప్పదు. 660 డిగ్రీలకి కరుగుతుంది, కరిగే నిమిషం ముందు కూడా తెల్లగా అమాయకంగానే ఉంటుంది. మెత్తబడడానికి 350 నుంచి 400 చాలు. ఆ వేడి కంటికి కనబడాలంటే బట్టల సబ్బు బిళ్ల తీసుకుని రేకు మీద గీతలు గియ్యి. మంట వెనక వైపు నుంచి పెట్టు, ఒక్కచోట నిలపకుండా తిప్పుతూ ఉండు. సబ్బు గీత ముందు గోధుమ రంగవుతుంది, తర్వాత కాఫీ డికాషన్ రంగు, నల్లబడగానే మంట తీసెయ్. చల్లారాక వంచి చూడు, తగరం రేకులా వంగుతుంది. మళ్లీ కొట్టు, గట్టిపడుతోందని చేతికి తెలుస్తుంది, మళ్లీ కాల్చు. ఆ ముక్కుకి నాలుగైదుసార్లు కాల్చాల్సి వస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు | నవంబర్ 17, ఉదయం 11:02

అన్నా ఇంత కష్టం ఎందుకు, త్రీడీ ప్రింట్ తీసి సిల్వర్ పెయింట్ కొడితే ఎవరికి తెలుస్తుంది?

బెజవాడ_మాత్ | నవంబర్ 17, రాత్రి 9:30

తమ్ముడూ, మొదట అదే చేశాను. త్రీడీ ప్రింటుకి వాడే మామూలు ప్లాస్టిక్, పీఎల్ఏ, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో బెజవాడ ఎండలో అద్దాలు మూసిన కారులో రెండు గంటలు వదిలేశాను, వచ్చి చూస్తే ముక్కు కిందికి వాలి మా తాతగారి పళ్లసెట్టులా ఉంది. వేడికి ఆగే ప్లాస్టిక్ ఉందని తెలుసు. కానీ రేకు మీద వేలితో కొడితే వచ్చే టంగుమనే చప్పుడు ప్లాస్టిక్‌కి రాదు. ఇది పిచ్చే, ఒప్పుకుంటున్నా.

బెజవాడ_మాత్ | నవంబర్ 19, రాత్రి 11:20

బాబాయ్, మీరు చెప్పినట్టే చేశాను. మొదటి రేకుకి బొక్క పడింది. సబ్బు నల్లబడ్డాక కూడా "ఇంకొంచెం చూద్దాం" అనుకున్నాను, ఆ కొంచెంలోనే రేకు మధ్యలో ముడత పడి రూపాయి బిళ్లంత భాగం జారి కింద పడింది. ఏ రంగూ మారలేదు, ఏ సూచనా లేదు. రెండో రేకు మాత్రం అద్భుతం. రెండు వేళ్లతో వంచితే వంగింది, ఇన్నాళ్లూ నేను కుస్తీ పట్టింది ఈ రేకుతోనేనా అనిపించింది.

ఇప్పుడు వేరే సమస్య. పగలడం లేదు గానీ అంచున గౌను కుచ్చిళ్లలా ముడతలు వస్తున్నాయి.

లేత్_బాబాయ్ | నవంబర్ 20, ఉదయం 6:05

ముడతలు రావాలి, రాకపోతేనే అనుమానించాలి. పెద్ద చుట్టుకొలత ఉన్న అంచుని చిన్న చుట్టుకొలతలోకి తోస్తున్నావు, ఆ మిగులు లోహం ఎటో పోవాలి కదా. ముడత ఒకదాని మీద ఒకటి ఎక్కి మడతపడనివ్వకు, మడత పడిందా అక్కడే చీలుతుంది. ముడత చిన్నగా ఉన్నప్పుడే దాని కొస నుంచి కాక మొదలు నుంచి అంచువైపు చిన్న చిన్న దెబ్బలతో అణచుకుంటూ రా. మధ్య గుంట కోసం అయితే అచ్చు మీద కాదు, ఇసుక సంచి మీద కొట్టు. పాత జీన్స్ కాలు కుట్టి కృష్ణ ఇసుక జల్లించి గట్టిగా కూరితే చాలు. అచ్చు చివర్లో సరిచూసుకోవడానికి.

కొండపల్లి_రెక్క | నవంబర్ 20, మధ్యాహ్నం 1:48

మధ్యలో అడ్డొస్తున్నా. అచ్చుకి వేపే ఎందుకు? మా ఊళ్లో బొమ్మలకి వాడే తెల్ల పొణికి చెక్క తేలిగ్గా చెక్కుకోవచ్చు కదా?

లేత్_బాబాయ్ | నవంబర్ 20, రాత్రి 8:10

పొణికి బొమ్మకి బంగారం, అచ్చుకి పనికిరాదు. పది దెబ్బలకి చెక్కే గుంటపడుతుంది, ఆ గుంట రేకు మీద అచ్చుపడుతుంది. వేప, టేకు, తుమ్మ, ఏదైనా గట్టిది. రెక్క చివర వంపులకి బాల్సా (మోడళ్లకి వాడే తేలిక చెక్క) బదులు పొణికి వాడి చూశావా నువ్వు? అది వేరే చర్చగా పెట్టు, నాకూ ఆసక్తే.

ఆఫ్‌సెట్_అబ్బులు | నవంబర్ 22, సాయంత్రం 5:33

ముక్కు సంగతి పెద్దలు చూసుకుంటున్నారు. కౌలింగ్ పక్క పలకలు ఒక్క దిక్కే వంగుతాయి కదా, వాటికి 24 గేజు దండగ, బరువు. నేను ప్రింటింగ్ ప్రెస్సులో చేస్తాను. ఆఫ్‌సెట్ ప్లేట్లు తెలుసా, పల్చటి అల్యూమినియం, మా దగ్గరవి 0.3 మి.మీ. ఒకసారి అచ్చయ్యాక వాటికి తుక్కు ధరే. బయటి దేశాల్లో మోడల్ కట్టేవాళ్లు కూడా ఈ ప్లేట్ల కోసం ప్రెస్సుల చుట్టూ తిరుగుతారు. బెజవాడలో ప్రెస్సులకి కొదవా, అందులో ఇప్పుడు క్యాలెండర్లు, పంచాంగాల సీజను, రోజూ గుట్టలు పడుతున్నాయి. కాకపోతే గట్టిగా ఉంటాయి, పదునైన మడత పెడితే విరుగుతాయి, సబ్బు వైద్యం వీటికీ పనిచేస్తుంది. పల్చన కాబట్టి మంట కొంచెం దూరంగా పట్టుకోండి.

కృష్ణలంక_కుర్రాడు | నవంబర్ 22, సాయంత్రం 6:01

దాని మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి కదా, అద్దంలో చూసినట్టు?

ఆఫ్‌సెట్_అబ్బులు | నవంబర్ 22, సాయంత్రం 6:20

అది పాతకాలం సీసం అక్షరాల సంగతి బాబూ. ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీంచి రబ్బరు దుప్పటి మీదకి, దాని మీంచి కాగితం మీదకి పడుతుంది. రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి ప్లేటు మీద తిన్నగానే ఉంటుంది, హాయిగా చదువుకోవచ్చు. మాత్ అన్నా, రేపు రండి, పదో పదిహేనో తీసి ఉంచుతా.

బెజవాడ_మాత్ | నవంబర్ 30, రాత్రి 10:15

అబ్బులు గారికి కాఫీ బాకీ. ప్లేట్లు తెచ్చాను, అన్నీ పంచాంగం పేజీలే. ముద్ర ఉన్న వైపు లోపలికి పెట్టి పలకలు చేస్తున్నా.

రివెట్ గుర్తులకి ఒక చిట్కా, ఎక్కడో చదివి నేను చేసి చూసింది. ఇంజెక్షన్ సూదుల్లో గులాబీ రంగు పిడి ఉండేది 18 గేజు, బయటి వ్యాసం 1.2 మి.మీ. మొన ఆకురాయితో చదునుగా అరగదీసి చెక్కపిడిలో బిగిస్తే చిన్న గుండ్రటి పంచ్ అవుతుంది. స్కేలు ఆనించి రేకు మీద నొక్కుకుంటూ పోతే వరసగా రివెట్ తలలు. ఒక్కో పలకకి 140 దాకా వచ్చాయి. చిన్న రివెట్లకి ఆకుపచ్చ పిడి సూది. కొత్త సూదులే వాడండి, మందుల షాపువాడు ఎందుకని అడిగితే విమానానికి అని చెప్పకండి, నేను చెప్పి చూశాను.

ఇప్పుడు ఫిట్టింగుల సంగతి, అంటే రెక్కల్ని పట్టి ఉంచే లోహపు బ్రాకెట్లు. ఈ విమానంలో ముందు సీటు బోధకుడిది, వెనక సీటు శిష్యుడిది. ముందు కూర్చున్నవాడు పారాచూట్‌తో బయటపడాలంటే నెత్తిమీద పైరెక్క, దాంట్లో 19 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకు అడ్డం. అందుకని పైరెక్క మధ్య భాగాన్ని ముందుకి జరిపి, తూకం చెడకుండా రెక్కల్ని వెనక్కి వాల్చారు. వాళ్లకి బాగానే ఉంది, నా చావుకొచ్చింది. ఒక్క బ్రాకెట్టూ 90 డిగ్రీల్లో లేదు, ఎడమది కుడికి పనికిరాదు. 1 మి.మీ. ఇత్తడి రేకుతో చేసి మామూలు టంకం పెట్టాను, చేత్తో మెలితిప్పితే ఊడొచ్చేస్తోంది.

వెండిపువ్వు | డిసెంబర్ 1, మధ్యాహ్నం 2:25

గుంటూరు నుంచి. మాది నగల పని చేసే కుటుంబం, నేను చిన్న స్కేలు విమానాలు చేస్తాను కాబట్టి ఇక్కడ ఎప్పుడూ నోరు విప్పలేదు. ఈ ఒక్క విషయం మాత్రం మాకు వదిలెయ్యండి.

తగరం, సీసం కలిపిన టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అది వైర్లు అతకడానికి. బరువు మోసే అతుకుకి వెండి టంకం కావాలి, 650 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. రెండు ముక్కలూ మెరిసేదాకా గీకండి, మధ్య సందు వెంట్రుకంతే ఉండాలి, టంకం సందుని పూడ్చదు, సందులోకి పాకుతుంది. వెలిగారం నీళ్లతో రాయి మీద అరగదీసి గంధంలా పుయ్యండి. వేడి తగిలినప్పుడు అది ముందు అటుకుల్లా పొంగుతుంది, కంగారు పడి మంట తియ్యకండి, తర్వాత అద్దంలా కరిగి పరుచుకుంటుంది. ఇత్తడి మసక ఎరుపులోకి వచ్చాక టంకం ముక్క తగిలిస్తే ఒక్క క్షణంలో గీతలా మెరిసి లోపలికి పోతుంది. మంట టంకానికి కాదు, లోహానికి పెట్టాలి, కొత్తవాళ్లందరూ చేసే తప్పు అదే. చల్లారాక చింతపండు పులుసులో ఒక రాత్రి, పొద్దున్నే బ్రష్షుతో రుద్దితే కొత్త చెంబులా ఉంటుంది.

ఒక జాగ్రత్త. కాడ్మియం కలిసిన టంకం ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. కేడీఎం బంగారం అనేవాళ్లు చూడండి, అందులో ఉన్నది ఆ కాడ్మియమే. ఆ పొగ ఊపిరితిత్తులకి విషం. కాడ్మియం లేనిదని అడిగి కొనండి, తలుపులు తీసి పని చేయండి.

బెజవాడ_మాత్ | డిసెంబర్ 7, రాత్రి 9:50

అక్కా, ఒకే బ్రాకెట్టు రెండు రకాలుగా చేసి పరీక్షపెట్టాను. మా ఇంటి కిటికీ ఊచకి తగిలించి 20 లీటర్ల మంచినీళ్ల డబ్బా వేలాడదీశాను. మామూలు టంకం వేసింది డబ్బా నిండుగా ఉండగా పావుగంట ఆగి జారింది (కింద పరుపు వేశాను, అయినా ఇల్లంతా నీళ్లు). వెండి టంకం వేసింది రెండు డబ్బాలు మోసింది. మూడోది ఊచ కోసం భయపడి పెట్టలేదు.

ఈ ఊపులో ఇంకో పని చేసి చేతులు కాల్చుకున్నాను. చక్రాల కాళ్లకి 4 మి.మీ. పియానో వైరు (స్ప్రింగులా ఉండే గట్టి స్టీలు తీగ) వంచి, అన్నీ కలిసే చోట గట్టిగా ఉండాలని ఒక గ్యాస్ వెల్డింగ్ షాపులో ఇత్తడి కడ్డీతో అతికించాను. అతుకు రాయిలా ఉంది. రెక్కలు లేకుండా, బ్యాటరీ, ఇసుక మూటలు పెట్టి 8 కిలోలు చేసి మేడమీద మోకాలెత్తు నుంచి వదిలాను. రెండు కాళ్లూ అతుకు పక్కనే వంగి, విమానం పొట్టమీద కూర్చుంది. విరగలేదు, సీసం తీగలా వంగిపోయింది.

లేత్_బాబాయ్ | డిసెంబర్ 8, ఉదయం 6:00

ఆ షాపువాడి తప్పు లేదు, నువ్వు అతికించమన్నావు, అతికించాడు. పియానో వైరు బలమంతా దాని స్ప్రింగు గుణంలో ఉంది. ఎర్రగా కాల్చావంటే ఆ గుణం పోయి కట్టుతీగ అయిపోతుంది. అది విరగకుండా వంగిందంటే కారణం అదే. అతుకు పక్కన వేలెడు మేర చచ్చిపోయింది.

ఇక్కడ మాత్రం మెత్తటి టంకమే కరెక్టు. తీగలు పక్కపక్కన పెట్టి, సన్నటి రాగి తీగతో 20, 25 చుట్లు దగ్గరదగ్గరగా బిగించి చుట్టు. యాసిడ్ ఫ్లక్సు (టంకం పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే మందు) రాసి, పెద్ద సోల్డరింగ్ ఐరన్‌తో చుట్టంతా తడిసేలా టంకం పట్టించు. 200 డిగ్రీలు దాటకపోతే వైరుకి ఏమీ కాదు. బలం చుట్టుది, టంకం దాన్ని కదలకుండా పట్టుకుంటుంది అంతే. తర్వాత వంటసోడా నీళ్లతో కడుగు, లేదంటే యాసిడ్ మిగిలి నెల తిరిగేసరికి తుప్పు.

వెండిపువ్వు | డిసెంబర్ 8, ఉదయం 9:12

నేను వెండి టంకం పొగిడానని అన్నిచోట్లా పెట్టేస్తారని అనుకోలేదు! బాబాయ్ చెప్పింది వందశాతం.

సత్తెనపల్లి_సూర్య | డిసెంబర్ 9, రాత్రి 8:44

రెక్కల మధ్య తీగలు ఏం చేస్తున్నారు? గుండ్రటి కేబుల్ వేస్తే టైగర్ మాత్ టైగర్ మాత్‌లా ఉండదు. అసలుదానికి గాలి కోసేలా చదునుగా ఉండే స్టీలు తీగలు.

బెజవాడ_మాత్ | డిసెంబర్ 9, రాత్రి 10:30

సైకిల్ స్పోకులు. 2 మి.మీ. మందం, ఒక చివర మర ఉండనే ఉంది, దాని నిప్పుల్‌తో బిగువు సరిచేసుకోవచ్చు, రెండో చివర వంకర కోసేసి ఫోర్కు అతికిస్తా. పొడవు చాలనిచోట రెండు కలుపుతా. చదును చేయడానికి కంసాలి రోలరు మిషన్‌లో పెడదామని ఆలోచన. అక్కా, మీ ఇంట్లో ఉంటుంది కదా?

వెండిపువ్వు | డిసెంబర్ 10, ఉదయం 7:30

ఉంది, దాని మీద స్టీలు పెడితే మా నాన్నగారు మనిద్దర్నీ ఇంట్లోంచి గెంటేస్తారు. ఆ రోలర్లు అద్దంలా ఉండాలి. స్టీలు దూరిస్తే గాట్లు పడతాయి, ఆ గాటు తర్వాత చేసే ప్రతి గాజు మీదా, ప్రతి గొలుసు మీదా కనబడుతుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా స్పోకు అని చెప్పకుండా పెట్టకండి, వాళ్ల పొట్టకొట్టినట్టే.

అటక మీద గాట్లు పడి పక్కన పెట్టేసిన పాత రోలరు ఒకటుంది. నాన్నగారిని అడిగాను, విమానం ఫోటో చూపించాక ఒప్పుకున్నారు. ఆదివారం కొత్తపేట రండి. ఒక్కసారే నొక్కకుండా కాగితం మందం చొప్పున దించుకుంటూ పోవాలి.

సత్తెనపల్లి_సూర్య | డిసెంబర్ 10, ఉదయం 10:05

వస్తూ వస్తూ తోక బరువు కూడా లెక్క చూసుకోండి. ఇంత లోహం చేస్తున్నారు, తోక దగ్గర కూడా ఇత్తడే పెడుతున్నారా?

బెజవాడ_మాత్ | డిసెంబర్ 10, రాత్రి 9:15

పెట్టాను, తీసేశాను. నా దాంట్లో తూకం బిందువు నుంచి తోక 1.2 మీటర్లు, మోటారు 40 సెంటీమీటర్లు. తోకలో 50 గ్రాముల ఇత్తడి పెడితే ముక్కులో 150 గ్రాముల సీసం మోయాలి. తోక ఫిట్టింగులన్నీ అల్యూమినియంలోకి మార్చాను. ముక్కులో మాత్రం ఎంత లోహం పెట్టినా పుణ్యమే, సీసం బదులు పనికొచ్చేది మోస్తుంది. అందుకే అనుకుంటున్నా, లోపల అసలు విమానంలో ఉండే జిప్సీ మేజర్ ఇంజిన్ నమూనా పెట్టి, దాని నాలుగు సిలిండర్లూ అల్యూమినియం కడ్డీతో లేత్ మీద తీయిద్దామని. అసలు బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 118 మి.మీ., నాకు 29.5 వస్తుంది. తలకిందులుగా వేలాడే ఇంజిన్ కదా, కౌలింగ్ తెరిస్తే భలే ఉంటుంది.

కృష్ణలంక_కుర్రాడు | డిసెంబర్ 10, రాత్రి 9:40

మూసి ఉంచే కౌలింగ్ లోపల కనబడని ఇంజినా 😂

లేత్_బాబాయ్ | డిసెంబర్ 11, ఉదయం 6:10

తీయిద్దాం ఏంటి, నా దగ్గరికి రా. సిలిండర్ చుట్టూ చల్లబరిచే గాలి పలకల మధ్య గాట్లకి 1 మి.మీ. పార్టింగ్ టూలు (లేత్ మీద సన్నగా కోసే పనిముట్టు) గ్రైండ్ చేసి ఉంచుతా. కిరసనాయిలు చుక్కలు వేస్తూ తీస్తే అల్యూమినియం టూలుకి అంటుకోదు. కుర్రాడా, నువ్వూ రా, కనబడనిది ఎలా చేస్తారో చూద్దువుగాని.

నిర్వాహకుడు | డిసెంబర్ 11, ఉదయం 11:00

చిన్న మనవి. ఎగరేసే రోజు వస్తే ముందు డిజిటల్ స్కై మ్యాపు (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూసుకోండి. గన్నవరం ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఉంటే గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) 200 అడుగుల ఎత్తు వరకే, ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా కుదరదు. ఇక కానివ్వండి.

బెజవాడ_మాత్ | జనవరి 18, రాత్రి 11:05

సంక్రాంతి సెలవుల్లో చాలా నడిచింది. గుంటూరులో స్పోకులు 16 చదును చేశాం, పెద్దాయన మొదట దూరంగా కూర్చుని చూశారు, మూడో స్పోకు వంకరపోయేసరికి లేచొచ్చి "అలా కాదు, ఇటివ్వు" అని మిగతా 13 ఆయనే లాగేశారు. పియానో వైరు కాళ్లు రాగి చుట్టుతో మళ్లీ చేశాను. అదే 8 కిలోలు, అదే మోకాలెత్తు, ఈసారి కుక్కపిల్లలా ఎగిరి నిలబడింది. ముక్కు కౌలింగ్ అయిదో కాల్పుకి అచ్చు మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

ఇప్పుడు చెప్పుకోలేని సంగతి. పక్క పలకలు రెండూ పూర్తిచేసి, రివెట్లన్నీ నొక్కి, ఈరోజు బిగిద్దామని చూస్తే రెండూ ఎడమవే. కాగితం నమూనా రెండోసారి తిరగెయ్యకుండా గీశాను. పల్చటి రేకే కదా అని తిరగేసి కుడివైపు పెట్టి చూశాను, ఆకారం సరిపోయింది గానీ రివెట్లు గుంటలయ్యాయి, ముద్ర బయటికి వచ్చింది. ఇంజిన్ పక్కన పెద్ద అక్షరాల్లో రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం.

ఆఫ్‌సెట్_అబ్బులు | జనవరి 18, రాత్రి 11:12

ఏ రోజు రాహుకాలమో చూసి ఆ టైములో మాత్రం ఎగరెయ్యకండి. ఇంకో ప్లేటు తీసి ఉంచుతా, ఈసారి పెళ్లి శుభలేఖది.

లేత్_బాబాయ్ | జనవరి 19, ఉదయం 6:02

రెండో ఎడమది పారెయ్యకు, నాకివ్వు. షెడ్డు తలుపుకి కొడతా. కొత్తదానికి పెయింటు ముందు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని పట్టుకునే అడుగు పూత) మర్చిపోకు, అల్యూమినియం మీద ఉత్త పెయింటు గోరుతో గీకితే ఊడొస్తుంది. సిలిండర్లు మూడయ్యాయి, నాలుగోది కుర్రాడు తీస్తున్నాడు, రెండు గాలి పలకలు విరగ్గొట్టాడు.

కృష్ణలంక_కుర్రాడు | జనవరి 19, ఉదయం 9:20

ఒక్కటే బాబాయ్. రెండోది మీరు ఫోన్ మాట్లాడుతూ.